ముందున్న ఫైలు

"లాక్ చేసిన పీడీఎఫ్ అబద్ధం చెప్పదు వదినా. మనుషులే చెబుతారు."

మా మరిది ఈ ముక్క అనడం పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. మా ఆయనకి సొంత తమ్ముడు, పోలీసు ఇన్‌స్పెక్టరు, ఈ కేసు వీడి చేతిలోనే ఉంది. ఇంటికొస్తే నా చేతి వంట తిని వంకలు పెడతాడు, బయట కనిపిస్తే నా పనికి వంకలు పెడతాడు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. వాడి దృష్టిలో అది పొద్దుపోని ఆడవాళ్ల వ్యాపకం.

"అయితే మనిషి అబద్ధం చెప్పాడనే చూపించు. కాగితం పట్టుకుని ఊగకు," అని ఆ సర్టిఫికెట్ లాక్కుని టేబుల్ మీద కొట్టాను.

లిఫ్టులు పరీక్ష చేసి సర్టిఫికెట్లు ఇచ్చే ఆఫీసు అది. నాలుగో అంతస్తు. ఆ కాగితం ఒక నర్సింగ్ హోమ్ లిఫ్టుది. మధ్యలో పచ్చటి 'ఫిట్' ముద్ర, దాని కింద పరీక్ష చేసినాయన సంతకం, నంబరు, ఐదో తారీకు. ఆ ఫిట్ లిఫ్టే మొన్న ఆదివారం మూడో అంతస్తు నుంచి కింద పడింది. దుప్పట్ల బండి తోసుకెళ్తున్న ఆయమ్మ అక్కడికక్కడే పోయింది.

సంతకం గ్రీజు మాస్టారిది. అసలు పేరు ఎవరూ పిలవరు. ముప్పై రెండేళ్లుగా లిఫ్టుల కింద దూరి, పైకెక్కి, గ్రీజు పూసుకుని బతికిన మనిషి. కోర్టు మూడు రోజుల పోలీసు కస్టడీకి ఇచ్చింది, లాకప్‌లో ఉన్నాడు. 'తాడులో తీగలు తెగాయి, పనికిరాదు అని రాశాను' అంటాడు. జేబులో పుస్తకంలో కూడా అలాగే ఉంది. లిఫ్టు పడిపోయాక రాసుకున్నాడంటాడు మా మరిది. ఆ గడువు ఇవాళ్టితో సరి, నాలుగు గంటలకి మళ్లీ కోర్టులో హాజరు పరచాలి. అక్కడినుంచి జైలుకే. ఆయన భార్య నిన్న మా ఇంటికొచ్చి ఏడవలేదు, బతిమాలలేదు. "మా ఆయన పొరపాటున కూడా తప్పుడు సంతకం పెట్టడమ్మా. వెళ్లి చూడు," అని మాత్రం అంది. అందుకే వచ్చాను.

అప్పుడు టైము రెండూ నలభై.

మేనేజరు లోపలికొచ్చాడు. భారీ మనిషి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది, కొలిమి తిత్తిలా రొప్పుతున్నాడు. కుర్చీలో కూలబడి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"సారీ మేడం. డాక్టరు నడవమన్నాడు. రెండు వారాలైంది, ఎక్కడం దిగడం అంతా మెట్లే."

"అదృష్టవంతులు. నా మోకాళ్లకి లిఫ్టు లేనిదే గతి లేదు," అని సూటిగా విషయంలోకి దిగాను. "ఏ లిఫ్టయినా పనికిరాదంటే ఎవరికి పంపుతారు?"

"నాకే. నా రెండో సంతకం పడితేనే 'అన్‌ఫిట్' బయటికెళ్తుంది. ఫిట్ అయితే పరీక్ష చేసినవాళ్ల సంతకం చాలు."

"నర్సింగ్ హోమ్‌ది మీకు పంపానంటున్నారు మాస్టారు."

"ఏమీ రాలేదు మేడం. పాపం, పెద్దాయన. కళ్లు కనపడక ఒక బటన్‌కి ఇంకో బటన్ నొక్కి ఉంటాడు."

ఆ 'పాపం' విని నాకు ఒళ్లు మండింది. జాలి చూపిస్తూ గొంతు కోసేవాళ్లని చాలామందిని చూశాను.

అప్పుడే మెట్ల మీంచి కానిస్టేబుల్ వచ్చాడు. వాడి ఎడమ చేతికీ, గ్రీజు మాస్టారి కుడి చేతికీ ఒకటే బేడీ. ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు.

"చూడండి సార్!" అని కానిస్టేబుల్ మా మరిదితో మొర పెట్టుకున్నాడు. "ఈయన లిఫ్టు ఎక్కనంటే ఎక్కనన్నాడు. నన్నూ ఎక్కొద్దని చెయ్యి పట్టి లాగాడు. బేడీ ఒకటే కదా, నాకూ మెట్లే రాసిపెట్టి ఉన్నాయి."

మా మరిది నావైపు చూసి మీసం కింద నవ్వాడు. "చూశావా? చేసిన పాపం వెంటాడుతోంది. లిఫ్టు పేరెత్తితేనే వణుకు."

ఆ ముసలాయన నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. "మీరు అడిగిందానికి మాత్రమే చెప్పండి" అని మా మరిది కసిరాడు. అడగాల్సిన నేను కూడా అడగలేదు, దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"మాస్టారూ, ఐదో తారీకు పొద్దున ఏం చేశారో చెప్పండి. గంటల లెక్కన," అన్నాను.

ఆయన నిలబడే చెప్పాడు. "పదకొండున్నరకి బట్టల షాపు లిఫ్టు చూసొచ్చానమ్మా. బాగుంది. ఫిట్. వివరాలన్నీ కంప్యూటర్లో కొట్టాను. తర్వాత చేతులు కడుక్కోడానికి వెళ్లాను."

"కొట్టాక కడుక్కున్నారా, కొట్టకముందా?"

"కొట్టేటప్పుడు మురికి చేతులతోనే. నా కీబోర్డు చూస్తే తెలుస్తుంది. సంతకం బటన్ మాత్రం చేతులు కడుక్కునే నొక్కుతాను. సంతకం అంటే సంతకమే కదమ్మా, కాగితం మీదైతేనేం, దాంట్లో అయితేనేం."

మేనేజరు గలగలా నవ్వాడు. "ఆఫీసంతా తెలుసు మేడం. మాస్టారి స్నానం అంటాం."

"అందరికీ తెలుసా?"

"అందరికీ."

నేను చేతి గడియారం చూసుకుంటూ మాస్టారిని నడవమన్నాను. ఆయన టేబుల్ నుంచి వెనక వరండా పంపు దాకా నలభై ఒక్క అడుగులు. పంపు పక్కన రంపపు పొట్టు కలిపిన సబ్బు డబ్బా, గోనెగుడ్డ తువ్వాలు. ఒంటి చేతి బేడీతోనే రుద్దుకుని చూపించమన్నాను. ఆయన గోళ్ల సందుల దాకా వదల్లేదు. కానిస్టేబుల్ చెయ్యి కూడా ఉచితంగా శుభ్రపడింది. తిరిగొచ్చి కుర్చీ దగ్గర నిలబడేసరికి ఎనిమిది నిమిషాలు. పంపు దగ్గర్నుంచి టేబుల్ కనపడదు. మేనేజరు గదిలోంచి మాత్రం అద్దంలోంచి ఎదురుగా కనపడుతుంది. అక్కడినుంచి పన్నెండు అడుగులు.

"ఎనిమిది నిమిషాల్లో ఎవరైనా వచ్చి ఈ మెషీన్ ముట్టుకోవచ్చు," అన్నాను.

"ముట్టుకుని ఏం చేస్తారు?" మా మరిది గొంతు పెంచాడు. "సంతకానికి పాస్‌వర్డ్ ఉంది. అది ఆయనే కొట్టాడు, పదకొండూ నలభై ఏడుకి. ఆయనే ఒప్పుకుంటున్నాడు. ఆ తర్వాత ఫైలు లాక్ అయింది. లాక్ అయ్యాక ఒక్క చుక్క కూడా మారలేదని మా నిపుణుడు రాసిచ్చాడు. ఇంకేం కావాలి నీకు?"

"ఇదిగో ఇతను కావాలి," అన్నాను.

గుమ్మంలో ప్రోగ్రామర్ నిలబడ్డాడు. ఈ ఆఫీసు వాడే అప్లికేషన్ రాసింది అతనే. ఆర్నెల్ల కిందట మానేశాడు. పొద్దున అతని కొత్త ఆఫీసు గేటు దగ్గర కాపు కాసి, వస్తావా రావా అని నిలదీసి ఒప్పించాను. మేనేజర్ని చూడగానే అతని మొహం మాడిపోయింది.

"ఈయన్ని ఎవరు రమ్మన్నారు?" మేనేజరు లేచాడు.

"నేను. కూర్చోండి," అన్నాను. "ఏమయ్యా, నువ్వు రాసిన ప్రోగ్రాం ఏం చేస్తుందో మా ఇన్‌స్పెక్టరు గారికి అర్థమయ్యేలా చెప్పు. ఆయన కొంచెం నెమ్మది."

అతను మాస్టారి కుర్చీలో కూర్చుని మెషీన్ ఆన్ చేశాడు. "ఇది తనంతట తాను పీడీఎఫ్ తయారుచెయ్యదు సార్. పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది. మనది దానికి ఆర్డర్లు వేస్తుంది. ఫారం తెరువు, గడులు నింపు, ముద్ర వెయ్యి, లాక్ చెయ్యి, ప్రింటు తియ్యి. అవన్నీ వెనక జరుగుతాయి. తెర నిండా మనకి కనిపించేది మన ప్రోగ్రాం ఒక్కటే."

"ముద్ర వెయ్యమన్నప్పుడు ఏ ఫైలు మీద వెయ్యమని చెబుతుంది?"

అతను తల దించుకున్నాడు.

"అడిగింది వినపడలేదా?"

"పేరు చెప్పదు మేడం. అన్నిటికంటే ముందున్న ఫైలు మీద వెయ్యమంటుంది."

మా మరిది కనుబొమలు ముడిచాడు. "అంటే?"

"అంటే మంగలితో పేరు చెప్పకుండా 'కుర్చీలో ఉన్నవాడికి గుండు గియ్యి' అన్నట్టు," అన్నాను. "కుర్చీలో మనిషి మారితే మారినవాడికి గుండు."

"ఒక మెషీన్, ఒక మనిషి, ఒకసారికి ఒక ఫైలు. అలాగే వాడతారని రాసేశాను," అన్నాడు ప్రోగ్రామర్. "తర్వాత నాకే భయమేసి సరిచేస్తానని ఈయనకి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. 'పని చేస్తోందిగా, ముట్టుకోకు' అన్నారు."

"నాకు గుర్తులేదు," అన్నాడు మేనేజరు.

"ఇవన్నీ కథలు," అన్నాడు మా మరిది. "నాకు కళ్లతో చూపించండి."

"పెన్ డ్రైవ్ ఉందా నీ దగ్గర? ఏదైనా ఒక పీడీఎఫ్ ఇవ్వు."

జేబులోంచి తీసిచ్చాడు. దాంట్లో మాస్టారిని జైలుకి పంపమంటూ కోర్టుకి రాసిన రిమాండు రిపోర్టు ఉంది. ప్రోగ్రామర్ ముందు ప్రోగ్రాంలో ఉత్తుత్తి లిఫ్టు ఒకటి నింపాడు. తర్వాత రిమాండు రిపోర్టు తెరిచి, దాని మీదికి మళ్లీ ప్రోగ్రాం కిటికీ లాగాడు. తెర మీద ఉత్తుత్తి లిఫ్టు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"మాస్టారూ, మీ పాస్‌వర్డ్ కొట్టండి."

ఆయన ఎడమ చేత్తో ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. 'సంతకం పూర్తయింది' అని తెర మీద వచ్చింది. మేనేజరు గదిలో ప్రింటరు కిర్రుమంది. నేనే వెళ్లి కాగితం తెచ్చి మా మరిది చేతిలో పెట్టాను.

'నిందితుడు మానవ ప్రాణాల పట్ల ఘోరమైన నిర్లక్ష్యం వహించినందున' అన్న వాక్యం మీద అడ్డంగా పచ్చటి ముద్ర. 'ఫిట్. వాడకానికి యోగ్యం.' కింద నిందితుడి సంతకం.

కానిస్టేబుల్‌కి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు.

"లాక్ కూడా అయింది మరిదీ. ఒక్క చుక్క కూడా మారదు. మీ నిపుణుడిని రాసిమ్మను," అన్నాను.

వాడి మొహం కందగడ్డ అయింది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "ఇలా జరగొచ్చని చూపించావు. ఇలాగే జరిగిందని చూపించలేదు. ప్రింటు చూసుకోడా ఆయన?"

"ప్రింటరు ఎవరి గదిలో ఉంది? ఇప్పుడు నేను ఎక్కడికి వెళ్లి తెచ్చాను?"

మేనేజరు రుమాలు మళ్లీ పైకొచ్చింది. "మేడం, పొరపాటున ఏదో ఫైలు తెరిచి ఉండిపోయిందేమో. ఎవరో తెలియక..."

"నేనింకా ఎవరూ కావాలని చేశారనలేదే?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"చాలు!" మా మరిది టేబుల్ గుద్దాడు. "మూడూ పది. ఈ మెషీన్ సీజ్ చేస్తున్నా. నీ సిద్ధాంతాలు కోర్టులో లాయరు చెప్పుకుంటాడు. ప్లగ్గు పీకండి."

కానిస్టేబుల్ ఒంటి చేత్తో వంగబోయాడు. వాడికంటే ముందు మేనేజరు వంగాడు. పది అడుగులు నడిస్తే రొప్పే మనిషి, ఉడతలా టేబుల్ కింద దూరాడు.

నేను ఆ వైరు మీద కాలేసి నిలబడ్డాను. "చెయ్యి తియ్యండి. తియ్యకపోతే ఈ మోకాలి నొప్పి సంగతి దేవుడెరుగు, మీ వేళ్ల నొప్పి మాత్రం ఖాయం."

"వదినా, డ్యూటీకి అడ్డొస్తున్నావు!"

"అడ్డొస్తాను. కేసు పెట్టుకో. రాత్రికి అన్నం ఎక్కడ తింటావో అదీ రాసుకో. ముసలాయన్ని మూడు రోజులు నేల మీద పడుకోబెట్టావు. ఒక్కసారి, ఒక్కసారైనా ఆయన చెప్పింది విన్నావా? ఒక ఆడమనిషి చచ్చిపోయింది. చంపినవాడు దొరక్కపోతే సంతకం దొరికిందని సంబరపడుతున్నావు. సిగ్గులేదూ?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా మరిది గడియారం చూసుకున్నాడు. ఇంట్లోనైనా వాడిని నేనెప్పుడూ అంత మాట అనలేదు.

"పది నిమిషాలు," అన్నాడు చివరికి. "పదకొండో నిమిషం నా మాటే."

నేను ప్రోగ్రామర్ వైపు తిరిగాను. "ఇందాక ఉత్తుత్తి లిఫ్టు ఫైలు ఏమైంది?"

"ఖాళీగా ఉండిపోయింది మేడం. గడులన్నీ నిండాయి, ముద్ర లేదు."

"అయితే ముద్ర దొంగిలించిన ప్రతిచోటా ముద్ర పోగొట్టుకున్న ఫైలు ఒకటి ఉండాలి. వెతుకు."

అతనికి వెలిగింది. వేళ్లు టకటకా ఆడాయి. "ఈ ఏడాదివి పంతొమ్మిది వందల ఫైళ్లు. ఒక్కోటీ తెరిపించి, నిన్ను ఎవరు తయారుచేశారు, ఎప్పుడు, ముద్ర ఎప్పుడు పడింది అని దాన్నే అడుగుతాను. ప్రతి పీడీఎఫ్ పొట్టలో ఆ వివరాలు ఉంటాయి. ఫారం చేసింది ఒకరు, ముద్ర వేసింది ఇంకొకరు అయినవి మాత్రం బయటపెడతాను."

తెర మీద ఫైళ్లు తెరుచుకుంటూ మూసుకుంటూ పరిగెత్తాయి. మాస్టారు మంచినీళ్లడిగాడు. కానిస్టేబుల్ ఆయన్ని పంపు దగ్గరికి తీసుకెళ్లాడు. నా ఫోన్ మోగింది. మాస్టారి భార్య.

"అమ్మా, కింద ఉన్నాను. ఆయన బీపీ మాత్రలు తెచ్చాను. ఎన్నో అంతస్తు?"

"నాలుగు. మెట్లెక్కకండి, మీకసలే ఆయాసం. లిఫ్టులో వచ్చెయ్యండి," అని పెట్టేశాను. నా కళ్లన్నీ తెర మీదే ఉన్నాయి.

"వచ్చింది," అన్నాడు ప్రోగ్రామర్. "రెండు."

మొదటిది నర్సింగ్ హోమ్. ఫారం తయారైంది ఐదో తారీకు పదకొండూ నలభై ఒకటికి, మేనేజర్ లాగిన్‌తో. ముద్ర పడింది పదకొండూ నలభై ఏడుకి, మాస్టారి మెషీన్‌లో. అదే నిమిషంలో ముద్ర పడక ఉండిపోయింది బట్టల షాపు ఫైలు.

"సర్టిఫికెట్ రాలేదని బట్టల షాపు నుంచి ఉత్తరం కూడా వచ్చి ఉంటుందే?" అన్నాను.

"ఈ లిఫ్టు మరమ్మతుల కాంట్రాక్టు ఎవరిదో తెలుసా మేడం?" ప్రోగ్రామర్ తెర మీద వేలు పెట్టాడు. "ఈయన తోడల్లుడిది. రెండోది కూడా ఆయనదే."

"రెండోది ఎక్కడ?"

అతను అడ్రసు చదివాడు. సగంలో ఆగిపోయాడు. మా మరిది మెడ సాచి మిగతాది చదివాడు. ఏడో తారీకు. ముద్ర పోగొట్టుకున్నది ఏదో ప్రింటింగ్ ప్రెస్సు లిఫ్టు. ముద్ర దక్కించుకున్నది ఈ బిల్డింగు లిఫ్టు. నేనెక్కి వచ్చిన లిఫ్టు.

రెండు వారాలు. మెట్లే. డాక్టరు నడవమన్నాడు.

నేను మేనేజర్ దగ్గరికి నడిచాను. అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ గొంతు మాత్రం చల్లగా వచ్చింది. "మేనేజర్ గారూ, రండి, మనిద్దరం ఒక్కసారి లిఫ్టులో కిందికెళ్లొద్దాం. ఫిట్ సర్టిఫికెట్ లోపల అంటించే ఉంది. నేను చూశాను."

"ఎందుకు మేడం... నాకు..."

"రండి." మా మరిది ఆయన జబ్బ పట్టుకున్నాడు. వాడికీ అర్థమైంది. "నేనూ వస్తా."

అంత భారీ మనిషీ తలుపు చట్టం రెండు చేతులా కావలించుకున్నాడు. "వద్దు సార్! నేనెక్కను! తాడు పోయింది దానికి! వచ్చే వారం మార్పిస్తానన్నాడు మా తోడల్లుడు, ఈ వారం రోజులే అనుకున్నాం, నర్సింగ్ హోమ్‌ది కూడా..."

అక్కడ ఆగిపోయాడు. ఆగినా ఏం లాభం, అంతా కక్కేశాడు.

అప్పుడు గోడ అవతల మోటారు మొదలైన చప్పుడు వినపడింది. లిఫ్టు తలుపు పైన ఎర్ర అంకె వెలిగింది. సున్నా. తర్వాత ఒకటి.

"అయ్యో, ఆవిడ! నేనే లిఫ్టెక్కమన్నాను!"

"ఎవరిని?" పంపు దగ్గర్నుంచి వస్తున్న మాస్టారు అడిగాడు. నా మొహం చూసి జవాబు కోసం ఆగలేదు. కానిస్టేబుల్‌ని గంపలా ఈడ్చుకుంటూ పైమెట్ల మీద పడ్డాడు. మా మరిది వెనకే. నా మోకాళ్లు ఎలా ఎక్కాయో నాకు తెలియదు.

డాబా మీద మెషీన్ గది. తాళం. మాస్టారు భుజంతో గుద్దాడు, కదల్లేదు. "జరగండి!" అని మా మరిది బూటుకాలితో తన్నాడు. మూడో తన్నుకి గొళ్లెం ఊడింది. లోపల పెద్ద చక్రం తిరుగుతోంది. దాని మీద తాడులో తెగిన తీగలు పిచ్చుక గూడులా రేగి ఉన్నాయి.

మాస్టారు మెయిన్ స్విచ్ దించేశాడు. చక్రం ఆగింది. ఆ వెంటనే మూల ఉన్న చిన్న ఇనప మీట మీద తన బరువంతా వేశాడు. టక్కుమని పడింది.

"తుప్పు పట్టి ఈ మీట దానంతట అది పడదు," అన్నాడు ఆయాసపడుతూ. "ఆరో తారీకే చూసి రాశాను. ఇప్పుడిక తాడు తెగినా లిఫ్టు కింద బ్రేకు దవడలు పక్క పట్టాలని కరుస్తాయి. కింద పడదు."

లిఫ్టు బావిలోంచి ఆడగొంతు లేచింది. "ఏవండోయ్! చీకటిగా ఉంది ఇక్కడ! ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నానే! కదలకుండా కూర్చో!" మాస్టారు అరిచాడు.

"మీరా? మాత్ర వేసుకున్నారా పొద్దున?"

మా మరిది మొహం తిప్పుకున్నాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి బేడీ విప్పాడు. కానిస్టేబుల్‌ని మేనేజర్ దగ్గరికి పంపాడు. ఖాళీ బేడీ కూడా ఇచ్చే పంపాడు.

చక్రం చేత్తో తిప్పి లిఫ్టుని అంగుళం అంగుళం పైకి లాగారు. మాస్టారు చెబుతుంటే మా మరిది తిప్పాడు, అలిసిపోతే మాస్టారు తిప్పాడు. పావుగంటకి కింద నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ప్రోగ్రామర్ ఆవిడ చెయ్యి పట్టి బయటికి దింపాడు. మేము దిగి వచ్చేసరికి ఆవిడ మాత్రల పొట్లం గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. నేను క్షమించమని అడగబోయాను. ఆవిడ నా చెయ్యి నొక్కి వదిలేసింది.

మూడూ యాభై అయింది. మా మరిది కోర్టుకి ఫోన్ చేసి, కేసులో కొత్త విషయాలు తెలిశాయని మాత్రం చెప్పాడు. తర్వాత జేబులోంచి ఆ నాలుగు మడతల కాగితం తీసి, రిమాండు రిపోర్టు వెనక్కి తిప్పి, గోడకి ఆనించి తనే పెన్నుతో రాశాడు. ఈ బిల్డింగు లిఫ్టు పనికిరాదు. అన్‌ఫిట్.

"మాస్టారూ," అన్నాడు. మూడు రోజుల్లో వాడు ఆయన్ని అలా పిలవడం నేను వినలేదు. "ఇక్కడ సంతకం చేస్తారా? ఇది అంటించాకే ఇక్కడినుంచి కదులుతాను."

ఆయన చేతులు మోచేతుల దాకా గ్రీజు. భార్య అలవాటు కొద్దీ ఆ చేతుల వైపు చూసింది. "కడుక్కుని రండి."

"ఉండవే," అని పెన్ను అందుకున్నాడు.

కాగితం మీద ముందు నల్లటి వేలిముద్ర పడింది. తర్వాత సంతకం.